అతివ్యాప్త సమితుల సమస్యలు: తర్కశాస్త్రం నుండి పోటీ పరీక్ష వరకు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పోటీ పరీక్షల గణిత విభాగంలో అతివ్యాప్త సమితుల సమస్యలు తరచుగా కనిపిస్తాయి. ఒక సమూహంలో కొందరికి ఒక లక్షణం, కొందరికి మరొక లక్షణం, కొందరికి రెండూ ఉన్నప్పుడు ఒక్కొక్క భాగంలో ఎందరున్నారో తేల్చడం వీటి స్వరూపం. శిక్షణ గ్రంథాలు వీటిని రెండు మూడు సూత్రాలుగా కుదించి బోధిస్తున్నాయి. ఆ సూత్రాల వెనుక తర్కశాస్త్రం, సంభావ్యతా గణితం, సాంఖ్యకశాస్త్రం అనే మూడు వేర్వేరు శాస్త్రాల చరిత్ర ఉంది. ఆ చరిత్రను కాలక్రమంలో పరిశీలించి, ఈ సమస్యలలోని కష్టం ప్రధానంగా భాషకు సంబంధించినదని నిరూపించడం, తెలుగులో ఈ సమస్యల వాక్యనిర్మాణం పట్ల తీసుకోవలసిన జాగ్రత్తలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సమితి, వ్యాప్తి, అతివ్యాప్తి, హేతుచక్రం, వెన్ చిత్రం, చేర్చి తీసే సూత్రం, పోటీ పరీక్షలు, తెలుగు వాక్యనిర్మాణం.

1. ఉపోద్ఘాతం

జీఆర్ఈ, జీమ్యాట్, క్యాట్ వంటి పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థికి ఈ తరహా ప్రశ్న సుపరిచితం: ఒక విభాగంలో 100 మంది పరిశోధకులున్నారు. వారిలో 62 మంది సాహిత్య పత్రిక చదువుతారు. 48 మంది చరిత్ర పత్రిక చదువుతారు. 15 మంది ఏదీ చదవరు. రెండూ చదివేవారు ఎందరు?

ఏదో ఒకటైనా చదివేవారు 100 నుండి 15 తీసివేయగా 85 మంది. 62, 48 కలిపితే 110 వస్తుంది. 85 మందిని లెక్కించవలసిన చోట 110 రావడానికి కారణం, రెండూ చదివేవారు రెండుసార్లు లెక్కలోకి రావడమే. కనుక రెండూ చదివేవారు 25 మంది. సాహిత్య పత్రిక మాత్రమే చదివేవారు 37 మంది. చరిత్ర పత్రిక మాత్రమే చదివేవారు 23 మంది. ఇక్కడ జరిగింది ఒక కూడిక, రెండు మూడు తీసివేతలు. ఇంతటి చిన్న లెక్కలో చదువుకున్నవారు సైతం ఎందుకు తడబడతారన్నది విచారించదగిన ప్రశ్న. దీనికి సమాధానం అంకగణితంలో దొరకదు. ‘మాత్రమే’, ‘లేదా’, ‘కనీసం’, ‘ఏదీ కాదు’ అనే మాటల అర్థాన్ని నిర్ణయించుకోవడానికి శాస్త్రవేత్తలు పడిన శ్రమ చరిత్రలో దొరుకుతుంది.

2. భారతీయ తర్కంలో వ్యాప్తి విచారం

రెండు వర్గాల మధ్య సంబంధాన్ని వర్గీకరించే ప్రయత్నం భారతీయ తర్కంలో ప్రాచీనమైనది. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ‘హేతుచక్రం’లో హేతువు సపక్షంలో అంతటా ఉండడం, కొంత మేరకు ఉండడం, అసలు లేకపోవడం అనే మూడు స్థితులను, విపక్షంలోనూ అవే మూడు స్థితులతో జతపరిచి తొమ్మిది గళ్లు ఏర్పరిచాడు. ఈ తొమ్మిదింటిలో రెండు మాత్రమే సద్ధేతువులని నిర్ణయించాడు. ఏ ఒక్క అవకాశాన్నీ విడిచిపెట్టకుండా అన్నింటినీ ముందుగా పట్టికలో పెట్టి, ఆ తరువాత సాధ్యాసాధ్యాలను విచారించడం ఇందులోని విశేషం. చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ తన యాత్రావృత్తాంతంలో దిఙ్నాగుని హేతువిద్యా రచనను ఆంధ్రదేశంలోని వేంగి ప్రాంతంతో ముడిపెట్టడం తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే అంశం.

పదిహేడవ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు తన ‘తర్కసంగ్రహా’నికి తానే రాసుకున్న ‘దీపిక’లో లక్షణదోషాలను మూడుగా చెప్పాడు. ఆవుకు కపిలవర్ణం లక్షణమంటే అవ్యాప్తి. ఆ రంగు లేని ఆవులు బయట మిగిలిపోతాయి. కొమ్ములుండడం లక్షణమంటే అతివ్యాప్తి. గేదెలు, మేకలు కూడా లోపలికి వస్తాయి. ఒంటిగిట్ట లక్షణమంటే అసంభవం. ఒక్క ఆవూ అందులో ఉండదు. ఈ మూడు ఉదాహరణలను వలయాలుగా గీస్తే, ఒకదాని నొకటి పాక్షికంగా కప్పే వలయాలు, ఒకదానిలో మరొకటి ఇమిడిన వలయాలు, పరస్పరం తాకని వలయాలు ఏర్పడతాయి. నేడు తెలుగులో పరస్పరం కలిసే భాగాన్ని సూచించడానికి వాడుతున్న ‘అతివ్యాప్తి’ అనే పదం తర్కశాస్త్రంలో ఒక దోషానికి పేరు అన్న సంగతి గుర్తుంచుకోదగినది.

గణిత సంప్రదాయంలో మరొక పాయ కనిపిస్తుంది. సుశ్రుత సంహిత ఆరు రుచుల సంయోగాలను 63గా లెక్కించింది. ఒంటి రుచులు 6, రెండేసి కలిసినవి 15, మూడేసి 20, నాలుగేసి 15, అయిదేసి 6, ఆరూ కలిసినది 1. తొమ్మిదవ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో ఇటువంటి సంయోగాల సంఖ్యను కనుగొనే సాధారణ సూత్రాన్ని ఇచ్చాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. ఏ రుచీ లేని స్థితిని కూడా కలిపితే మొత్తం 64 అవుతుంది. ఆరు సమితులతో ఏర్పడే భాగాల సంఖ్య కూడా ఇదే.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. దిఙ్నాగుని గళ్లలో సంఖ్యలు లేవు. సుశ్రుతుని లెక్కలో భాగాలు ఎన్నో తెలుస్తుంది గాని, ఏ భాగంలో ఎందరున్నారన్న ప్రశ్న లేదు. ఆధునిక సమస్యకు ఈ రెండూ కలవాలి. కనుక వీటిని ఆ సమస్యకు పూర్వరూపాలుగా భావించవచ్చు గాని, ఆ పద్ధతి మనకు ముందే ఉండేదని వాదించడం చరిత్రకు న్యాయం చేయదు.

3. యూరప్‌లో వలయ చిత్రాలు

వర్గాలను వలయాలతో చూపే పద్ధతి యూరప్‌లో అయిలర్ పేరుతో స్థిరపడింది. అయిలర్ 1760–62 మధ్య ఒక జర్మన్ రాకుమారికి శాస్త్ర విషయాలను బోధిస్తూ లేఖలు రాశాడు. 1761లో రాసిన లేఖలలో తర్కవాక్యాలను వలయాలతో వివరించాడు. ఈ లేఖలు 1768–72 మధ్య సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. అంతకు ముందే లైబ్నిజ్ ఇటువంటి వలయాలు గీసినా, ఆ రాతప్రతులు 1903లో కూతురా ప్రచురించే వరకు వెలుగు చూడలేదు.

అయిలర్ చిత్రం మనకు తెలిసిన సంబంధాన్ని చూపిస్తుంది. ‘మనుషులందరూ మర్త్యులు’ అంటే మనుషుల వలయం మర్త్యుల వలయంలో ఇమిడిపోతుంది. కాని పరీక్షలో ఇచ్చే సమస్యలో సంబంధమే తెలియదు, దానిని కనుగొనాలి. ముందే ఒక రూపానికి కట్టుబడిన చిత్రం అటువంటి అన్వేషణకు చాలదు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి మరో నూట ఇరవై ఏళ్లు పట్టింది.

4. చేర్చి తీసే సూత్రం

రెండుసార్లు లెక్కించిన దానిని తీసివేయాలన్న సూత్రం మరొక చోట, జూదక్రీడల గణితంలో, రూపుదిద్దుకుంది. ఫ్రెంచి గణితవేత్త మోమోర్ 1708లో ప్రచురించిన గ్రంథంలో ‘త్రెజ్’ అనే పేకాటను పరిశీలించాడు. ఒకటి నుండి పదమూడు వరకు వరుసగా అంకెలు పలుకుతూ పదమూడు ముక్కలను ఒక్కొక్కటిగా తీస్తారు. పలికిన అంకె, తీసిన ముక్క ఒక్కసారైనా సరిపోలుతుందా అన్నది ప్రశ్న. 1713 నాటి రెండవ ముద్రణలో నికొలాస్ బెర్నూలీతో జరిగిన లేఖావిచారణ కూడా చేరింది. 1718లో ద మోవ్ర్ తన సంభావ్యతా గ్రంథంలో ఈ విధానాన్ని మరింత సాధారణీకరించాడు.

మూడు ముక్కలతో దీనిని పరిశీలిస్తే సూత్రం స్పష్టమవుతుంది. మూడు ముక్కల అమరికలు మొత్తం 6. ఒక నిర్దిష్టమైన ముక్క తన స్థానంలో ఉండే అమరికలు 2. అటువంటి ముక్కలు మూడు కనుక 6 తీసివేయాలి. రెండు ముక్కలు సరిపోలిన అమరికలను ఎక్కువసార్లు తీసివేశాము కనుక 3 తిరిగి కలపాలి. మూడూ సరిపోలిన 1 మళ్లీ తీసివేయాలి. 6 నుండి 6 తీసి, 3 కలిపి, 1 తీయగా 2 మిగులుతుంది. ఏ ముక్కా తన స్థానంలో లేని అమరికలు సరిగ్గా రెండే. ఈ కూడికలు తీసివేతలు ఒకదాని తరువాత ఒకటి ఎందుకు వస్తాయో అర్థమైన విద్యార్థికి మూడు సమితుల సూత్రాన్ని కంఠస్థం చేయవలసిన అవసరం ఉండదు. పోర్చుగల్‌కు చెందిన డానియెల్ ద సిల్వా 1854లోనూ, ఇంగ్లండుకు చెందిన సిల్వెస్టర్ 1883లోనూ ఈ సూత్రాన్ని సాధారణ రూపంలో ప్రకటించారు.

5. డి మోర్గన్, బూల్: ‘కనీసం’, ‘లేదా’

తర్కాన్ని, సంఖ్యను ఒక చోట చేర్చినవాడు అగస్టస్ డి మోర్గన్. ఇతడు 1806లో మదురైలో జన్మించాడు. 1847లో ప్రచురించిన ‘ఫార్మల్ లాజిక్’లో సంఖ్యానిశ్చితమైన అనుమానాన్ని ప్రతిపాదించాడు. ‘అందరూ’, ‘కొందరు’ అనే మాటలతోనే నడుస్తున్న సంప్రదాయ తర్కంలోకి ‘ఇంతమంది’ అనే మాట ప్రవేశించింది. ఒక సమూహంలో సగానికి పైగా ఒక లక్షణం, సగానికి పైగా మరొక లక్షణం కలిగి ఉంటే, రెండూ కలిగినవారు తప్పక ఉంటారన్నది దీని సారాంశం.

పై ఉదాహరణలో ఏదీ చదవనివారి సంఖ్య ఇవ్వలేదనుకుందాం. 62, 48 కలిపితే 110; సమూహంలో ఉన్నవారు 100 మంది మాత్రమే. కనుక రెండూ చదివేవారు కనీసం 10 మంది ఉండి తీరాలి. గరిష్ఠంగా 48 మంది ఉండవచ్చు. నేటి పరీక్షలలో ‘కనీసం ఎందరు’, ‘గరిష్ఠంగా ఎందరు’ అని అడిగే ప్రశ్నలకు మూలం ఇక్కడ ఉంది. ఏదీ చదవనివారంటే మొదటిది చదవనివారు, రెండవది కూడా చదవనివారు అన్న నియమం కూడా ఇతని పేరుతోనే ప్రసిద్ధం.

అదే 1847లో జార్జ్ బూల్ తర్కాన్ని బీజగణితంగా మార్చే తొలి గ్రంథాన్ని ప్రచురించాడు. 1854లో దానిని విస్తరించి ‘లాస్ ఆఫ్ థాట్’ రాశాడు. బూల్ పద్ధతిలో కూడిక గుర్తు, ఉమ్మడి సభ్యులు లేని వర్గాలకే వర్తిస్తుంది. అంటే ‘ఇది లేదా అది’ అన్నప్పుడు రెండూ ఒకేసారి ఉండరాదు. 1864లో జెవన్స్ ఈ నిబంధనను తిరస్కరించాడు. ‘ఇది లేదా అది’ అన్నదానిలో రెండూ కలిగినవారు కూడా చేరతారని వాదించాడు. ఆధునిక సమితి సిద్ధాంతంలోని సమ్మేళనం జెవన్స్ మార్గాన్నే అనుసరించింది. ఒక చిన్న అవ్యయం అర్థం విషయంలో ఇద్దరు తార్కికులు ఏకీభవించలేకపోయిన చోట, అదే మాట దగ్గర విద్యార్థి ఆగిపోవడం అతని బుద్ధిమాంద్యానికి నిదర్శనం కాదు.

6. వెన్, కారల్: బయటి భాగం సమస్య

జాన్ వెన్ 1880లో ‘ఫిలసాఫికల్ మ్యాగజైన్’లో ప్రకటించిన వ్యాసంలో అయిలర్ పద్ధతిని తలకిందులు చేశాడు. సంబంధం ఏదైనా సరే, సాధ్యమైన భాగాలన్నింటినీ ముందే గీయాలి. ఆ తరువాత శూన్యమని తేలిన భాగాలకు నీడ వేయాలి. రెండు వలయాలతో నాలుగు భాగాలు, మూడింటితో ఎనిమిది భాగాలు ఏర్పడతాయి. నాలుగు సమితులకు పదహారు భాగాలు కావాలి. నాలుగు వృత్తాలు ఎలా గీసినా పద్నాలుగు భాగాలకు మించవు. అందుకే వెన్ నాలుగు సమితులకు దీర్ఘవృత్తాలను ఉపయోగించాడు. 1881లో వచ్చిన ‘సింబాలిక్ లాజిక్’లో ఈ పద్ధతిని విస్తరించాడు. ‘వెన్ చిత్రం’ అనే పేరు 1918లో సి. ఐ. లూయిస్ గ్రంథం ద్వారా వ్యాప్తిలోకి వచ్చింది.

లూయిస్ కారల్ అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన ఆక్స్‌ఫర్డ్ గణితాధ్యాపకుడు డాడ్జ్‌సన్ వెన్ చిత్రంలో ఒక లోపాన్ని చూపాడు. వలయాలన్నింటికీ బయట ఉన్న భాగానికి వెన్ హద్దు గీయలేదు. కారల్ 1886లో ‘ది గేమ్ ఆఫ్ లాజిక్’లో ఒక చతురస్రాన్ని నాలుగు గళ్లుగా విభజించి, రెండు లక్షణాలూ లేనివారికి కూడా సమానమైన గడిని కేటాయించాడు. పరీక్షార్థులు సాధారణంగా మరిచిపోయే సంఖ్య ‘ఏదీ కానివారు’ అన్నదే. ఆ విస్మృతికి కొంత కారణం పేరుపొందిన చిత్రంలోనే ఉందని దీనివలన తెలుస్తుంది.

కారల్ 1885లో గ్రంథంగా ప్రచురించిన ‘ఎ టాంగిల్డ్ టేల్’లో ఒక సమస్య ఉంది. వృద్ధ సైనికులలో నూటికి 70 మంది ఒక కన్ను, 75 మంది ఒక చెవి, 80 మంది ఒక చేయి, 85 మంది ఒక కాలు కోల్పోయారు. నాలుగూ కోల్పోయినవారు నూటికి కనీసం ఎందరు? దీనికి నాలుగు వలయాలు గీయనవసరం లేదు. కోల్పోని వారిని లెక్కించాలి. కన్ను కోల్పోనివారు 30, చెవి 25, చేయి 20, కాలు 15. వీరిలో ఎవరూ రెండుసార్లు రాలేదనుకున్నా మొత్తం 90. కనుక మిగిలిన 10 మంది నాలుగూ కోల్పోయి ఉండాలి. డి మోర్గన్ నియమానికి ఇంతకంటె చక్కని వ్యాఖ్యానం దొరకదు. యుద్ధంలో అవయవాలు కోల్పోయినవారి శరీరాలను లెక్కగా మార్చిన ఆ కాలపు హాస్యధోరణి నేటి పాఠకునికి ఇబ్బంది కలిగించినా, సమస్యా నిర్మాణం మాత్రం నేటికీ పరీక్షలలో సజీవంగా ఉంది.

7. పట్టిక పద్ధతి

వలయాలకు ప్రత్యామ్నాయంగా శిక్షణ గ్రంథాలు బోధించే రెండు వరుసల పట్టిక సాంఖ్యకశాస్త్రం నుండి వచ్చింది. ఉడ్నీ యూల్ 1900లో గుణాల సాహచర్యాన్ని గురించి రాసిన పరిశోధనలోనూ, 1911లో ప్రచురించిన పాఠ్యగ్రంథంలోనూ లక్షణం ఉన్నవారు, లేనివారు అనే విభజనతో దత్తాంశాలను అమర్చాడు. ఇచ్చిన సంఖ్యలు పరస్పరం పొసగుతాయా అన్న పరీక్షను కూడా నిర్దేశించాడు. ఏ గడిలోనైనా రుణసంఖ్య వస్తే దత్తాంశంలోనే తప్పుందని అర్థం.

మన ఉదాహరణను పట్టికలో పెడితే సాహిత్య పత్రిక చదివేవారి వరుసలో 25, 37; చదవనివారి వరుసలో 23, 15 వస్తాయి. అడ్డవరుసల మొత్తాలు 62, 38. నిలువు వరుసల మొత్తాలు 48, 52. ఏ రెండు గళ్లు తెలిసినా మూడవది వరుస మొత్తం ద్వారా తెలుస్తుంది. రెండు లక్షణాల సమస్యలకు ఈ పట్టిక వలయాలకంటె అనువైనది. ఇందులో బయటి భాగానికి చోటు తప్పనిసరిగా ఉంటుంది. మూడు లక్షణాలు వచ్చినప్పుడు మాత్రం వలయాలే సుబోధకం.

8. పాఠశాలకు, పరీక్షకు

1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించిన తరువాత అమెరికాలో గణిత బోధనను సంస్కరించే ఉద్యమం ఊపందుకుంది. 1958లో ఎడ్వర్డ్ బెగల్ నాయకత్వంలో స్కూల్ మ్యాథమెటిక్స్ స్టడీ గ్రూప్ ఏర్పడింది. ‘నవ్యగణితం’గా పేరొందిన ఈ ఉద్యమం సమితి భావనను చిన్న తరగతులకు తీసుకువెళ్లింది. 1973లో మోరిస్ క్లైన్ దీనిని తీవ్రంగా విమర్శించాడు. ఉద్యమం వెనుకబడినా వెన్ చిత్రం పాఠ్యపుస్తకాలలో నిలిచిపోయింది. తెలుగు మాధ్యమ పాఠ్యపుస్తకాలలోనూ సమ్మేళనం, ఛేదనం, పూరక సమితి, విశ్వసమితి అనే పదాలు స్థిరపడ్డాయి.

పరీక్షా వ్యవస్థకు ఈ సమస్య అనుకూలం కావడానికి కారణాలున్నాయి. దీనికి పెద్ద గణిత పరిజ్ఞానం అవసరం లేదు. సమాధానం ఒకే పూర్ణసంఖ్య. వాక్యంలో ఒక్క మాట మార్చితే సమాధానం మారిపోతుంది. ఆ మాటను గమనించనివారు చేరుకునే తప్పుడు సంఖ్యలను ముందే ఊహించి ఐచ్ఛికాలలో పెట్టవచ్చు. అందువల్ల ఇక్కడ పరీక్షకు గురయ్యేది గణన నైపుణ్యం కంటె వాక్యపఠనమే.

9. తెలుగులో సమస్యా వాక్యం

మూడు పత్రికల సమస్యను తీసుకుందాం. 150 మందిలో మొదటి పత్రికను 80 మంది, రెండవదానిని 70 మంది, మూడవదానిని 60 మంది చదువుతారు. జతలుగా చూస్తే మొదటి రెండింటినీ 30 మంది, మొదటి మూడవ పత్రికలను 25 మంది, చివరి రెండింటినీ 20 మంది చదువుతారు. మూడింటినీ చదివేవారు 10 మంది. 210 నుండి 75 తీసి 10 కలిపితే 145. ఏదీ చదవనివారు 5 మంది.

ఇప్పుడు ప్రశ్నలో జతల వివరాలకు బదులు ‘రెండు పత్రికలు చదివేవారు 45 మంది’ అని ఇచ్చారనుకుందాం. ఇది సరిగ్గా రెండు చదివేవారి సంఖ్య అయితే, 210 నుండి 45 తీసి, మూడూ చదివే 10 మంది మూడుసార్లు లెక్కలోకి వచ్చారు కనుక మరో 20 తీయాలి. ఫలితం మళ్లీ 145. జతల లెక్కలో ఆ 10 మంది ప్రతి జతలోనూ ఉన్నారు. 20, 15, 10 మంది చొప్పున మిగిలినవారే సరిగ్గా రెండు చదివేవారు. అయితే ఆ వాక్యాన్ని ‘కనీసం రెండు’ అని గ్రహిస్తే సరిగ్గా రెండు చదివేవారు 35 మందే అవుతారు. ఫలితం 155కు చేరి 150ని మించిపోతుంది. యూల్ చెప్పిన పొసగని దత్తాంశం ఇదే. సంఖ్యలు ఇంత స్పష్టంగా విభేదించని సమస్యలలో తప్పు బయటపడకుండానే ఉండిపోతుంది.

ఇంగ్లీషులో ఈ తేడాకు విడి పదాలు కావాలి. తెలుగులో పదాంతంలోని ఒక్క అచ్చు ఆ పని చేస్తుంది. ‘రెండు చదివేవారు’, ‘రెండే చదివేవారు’, ‘రెండూ చదివేవారు’ అనేవి మూడు భిన్నార్థాలు. ‘రెండే’లోని ఏకారం అవధారణార్థకం, మూడవదానిని తోసిపుచ్చుతుంది. ‘రెండూ’లోని దీర్ఘం సముచ్చయార్థకం, పేర్కొన్నవాటిలో ఒక్కటీ మిగలలేదని చెబుతుంది. అవధారణ లేని ‘రెండు’ సందిగ్ధం. ‘ఒకటైనా’ అన్న రూపం ‘కనీసం’ అన్న అర్థాన్ని అనుబంధంతోనే ఇస్తుంది. ఇంతటి సూక్ష్మత ఉన్న భాషలో, ఇంగ్లీషు ప్రశ్నను మాటకు మాటగా మార్చినప్పుడు ఈ అచ్చులు జారిపోతే, తెలుగు మాధ్యమ విద్యార్థి తన తప్పు లేకుండానే మార్కులు కోల్పోతాడు.

పరిభాష విషయంలోనూ ఆలోచించవలసింది ఉంది. ‘ఛేదనం’ అనే మాట వింటే కోయడం స్ఫురిస్తుంది; ఉమ్మడిగా ఉండడం స్ఫురించదు. ‘అతివ్యాప్తి’ శాస్త్రసంప్రదాయంలో దోషవాచకం. ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి కుటుంబం అనే వాడుకలు ప్రతి తెలుగు ఇంటికీ తెలుసు. ‘ఉమ్మడి భాగం’ అన్న మాటను బోధనలో ముందు పరిచయం చేసి, పారిభాషిక పదాన్ని తరువాత చెప్పడం భావగ్రహణకు తోడ్పడుతుంది. ‘లేదా’ విషయంలో జెవన్స్ అర్థాన్నే గ్రహించాలని ప్రశ్నపత్రంలో స్పష్టం కావాలంటే, ‘రెండింటిలో ఏదో ఒకటైనా’ అని రాయడం మేలు.

10. ముగింపు

పరీక్షా మందిరంలో రెండు నిమిషాలలో ముగియవలసిన ఈ సమస్య వెనుక ఉన్న చరిత్రను క్రమబద్ధం చేస్తే నాలుగు అంశాలు తేలుతాయి. రెండుసార్లు లెక్కించినదానిని తీసివేయడం సంభావ్యతా గణితం ఇచ్చింది. ‘కనీసం’, ‘గరిష్ఠం’ అనే హద్దులను డి మోర్గన్ తర్కం ఇచ్చింది. భాగాలన్నింటినీ ముందే గీయాలన్న నియమాన్ని వెన్ ఇచ్చాడు. బయట ఉన్నవారిని మరవరాదన్న హెచ్చరికను కారల్, యూల్ ఇచ్చారు. ఈ నాలుగింటిలో ఏదీ సూత్రంగా పుట్టలేదు. ఒక మాట అర్థాన్ని తేల్చుకునే క్రమంలో పుట్టింది.

కాబట్టి ఈ పాఠాన్ని గణిత అధ్యాపకునికి మాత్రమే విడిచిపెట్టడం తగదు. ప్రశ్నలను తెలుగు చేసే సంఘాలలో భాషాధ్యాపకునికి స్థానం ఉండాలి. డిగ్రీ స్థాయి తెలుగు వ్యాకరణ బోధనలో అవధారణ, సముచ్చయ అనుబంధాలను వివరించేటప్పుడు ఈ లెక్కలను ఉదాహరణలుగా తీసుకోవచ్చు. పదాంతంలోని ఒక ఏకారం, ఒక దీర్ఘం పదిమంది మనుషులను ఒక గడి నుండి మరొక గడికి మార్చగలవన్న సంగతి విద్యార్థికి అర్థమైన రోజున, అటు గణితమూ ఇటు వ్యాకరణమూ అతనికి దగ్గరవుతాయి.